చిన్న మోటారు

ఆగినది ఏది కనబడినా వెనకనుంచి తోయడం మా వీధి బ్రహ్మాజీ బాబాయి జబ్బు. ఆటో అయినా, ఎద్దయినా, పీటల దగ్గర సిగ్గుపడుతున్న పెళ్ళికొడుకైనా ఆయనకు ఒకటే.

జబ్బు అంటించింది రేపల్లె ఐసు ఫ్యాక్టరీ. అక్కడి పాత సింక్రనస్ మోటారును ఏళ్ళ తరబడి సాకాడు. ఒకరోజు ఓనరు బామ్మర్ది, అది వేగం అందుకోకముందే కంప్రెసరు బరువు మోపాడు. మోటారు కాలింది. ఉద్యోగం బాబాయిది పోయింది, బామ్మర్ది మేనేజరయ్యాడు. లోకం మీద నాకున్న అభిప్రాయం మార్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

"ఆ మోటారు రాజుగారి లాంటిదిరా," అనేవాడు బాబాయి. "చుట్టూ అయస్కాంతబలం గిర్రున తిరుగుతుంటుంది. దాంతో సమానంగా తిరుగుద్ది. బరువు పెరిగినా వేగం తగ్గదు. మరీ మోపావా, అడుగు తప్పి ఆగిపోద్ది. కానీ తనంతట తను లేవలేదు. పక్కనుంచి చిన్న మోటారు తిప్పి ఆ వేగం దాకా తేవాలి. అప్పుడు లటుక్కున పట్టుకుంటది."

డిప్లొమా సగంలో వదిలేసి, దొరికిన పుస్తకమల్లా చదువుతూ, ఊరందరినీ తిడుతూ అరుగు మీద కూర్చునే నేను ఆయన కంటబడ్డాను. ఆగిన వస్తువు!

"ఏంట్రా, లేవవా?"

"లేచి మీరేం బాగుపడ్డారండి?"

"నోరు మాత్రం ఫుల్ స్పీడు! పద బాపట్ల."

బాపట్లలో ఒక షట్టరు గది తీసి, కాలిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టే వైండింగు పని నాకు నేర్పాడు. దారినపోయే రైతుల్ని వీపు మీద చెయ్యేసి లోపలికి తోసేవాడు. చీరల కొట్టుకు పోతున్న ఒకావిడనూ ఆపాడు.

"అమ్మా, మీ ఇంట్లో మిక్సీ లేదా?"

ఆవిడ నానా తిట్లూ తిట్టింది. మర్నాడు మిక్సీ తెచ్చింది.

కొట్టు మోటార్లతో నిండాక బాబాయి రావడం మానేశాడు. ఫోనెత్తలేదు. ఈయనా అందరి లాంటివాడే అనుకున్నాను. తెనాలిలో చెల్లెలింట్లో ఉన్నాడని తెలిసి, తిట్టడానికే వెళ్ళాను.

బస్టాండులోనే దొరికాడు. చొక్కా చేతులు మడిచి ఓ బస్సు వెనక నిలబడ్డాడు.

"నన్నెందుకు వదిలేశారు బాబాయ్?"

"పెద్ద మోటారు వేగం పట్టుకున్నాక చిన్నదాన్ని విడదీయాలిరా. లేపోతే నీకు నేనే బరువు." ఓసారి నన్ను ఎగాదిగా చూసి, బస్సు మీద చెయ్యేశాడు. "వచ్చావుగా, ఆ పక్క పట్టు. డ్రైవరు టీకెళ్ళాడంట. అయితే ఏంటి, ఆగింది ఆగిందేగా!"