ఉప్పు పట్టిన బోల్టు

ఇనుమును, నిప్పును, వాటిని పట్టుకునే చేతులను సృజించిన దేవునికి స్తోత్రం. ఉద్యోగకాలమంతా తిరిగే యంత్రాల మధ్య నన్ను నిలబెట్టి, ఒక్క వేలు పోకుండా ఇంటికి చేర్చిన ఆయన కృపకు వందనాలు. ఆ మాట ముందు చెప్పి, తరువాత పని సంగతి చెబుతాను.

పదవీ విరమణకు ముందటి సంవత్సరం, మే నెల. తార్నాక దగ్గరి విశ్వవిద్యాలయంలో నేను వర్క్‌షాప్ సూపరింటెండెంట్‌ని. శాఖల్లో చెడిపోయిన పరికరాలన్నీ మా షెడ్డుకే వచ్చేవి. ఏది బాగవుతుందో, ఏది తుక్కుకు పోవాలో తేల్చి సంతకం పెట్టడం నా పని. నా కింద సీనియర్ ఫిట్టర్ యాదగిరి, లాలాపేట్ మనిషి. వయసులో నాకన్నా కొన్ని నెలలు పెద్ద. హోదా పక్కన పెట్టి ‘యాదన్నా’ అనే పిలిచేదాన్ని. ఆయన మాత్రం ‘మేడమ్’ అనడం ఎప్పుడూ మానలేదు.

ఆ మే నెలలో స్వరూప అనే పరిశోధక విద్యార్థిని మా షెడ్డుకు వచ్చింది. వాళ్ల శాఖకు పడవ వెనక తగిలించే మోటారు ఒకటి ఉండేది. అక్కడ చోటు లేక మా దగ్గరే దాచేవారు. పెద్ద చెరువు అవతలి కట్ట దగ్గర నీటి నమూనాలు తీసేందుకు ఆమెకు అది కావాలి. మోటారును నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి తాడు లాగితే ఇంజను అందుకుంది గానీ, నీటి ధార రాలేదు. ఇటువంటి మోటారు చెరువు నీటినే పీల్చుకొని చల్లబడుతుంది. నడుస్తున్నంతసేపూ పక్కనున్న రంధ్రం నుంచి సన్నటి ధార పడాలి. పడకపోతే వెంటనే ఆపేయాలి, లేకపోతే ఇంజను కాలిపోతుంది. లోపలి పంపులో రబ్బరు చక్రం ఎండి ముక్కలైందని నాకు అర్థమైంది. దాన్ని మార్చాలంటే కింది గేరు పెట్టెను ఊడదీయాలి. దాన్ని పట్టి ఉంచే బోల్టులన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

కొన్నేళ్ల క్రితం ఆ మోటారును కోస్తాలో ఉప్పుటేరు మీద వాడి తెచ్చారు. ఉప్పునీటిలో తిప్పిన మోటారును మంచినీళ్లతో లోపల కూడా కడగాలి. ఎవరూ కడగలేదు. ఉక్కు బోల్టు, అల్యూమినియం పెట్టె, మధ్యలో ఉప్పు. ఆ మూడూ కలిస్తే తెల్లటి పొడి పుట్టి, సిమెంటులా పట్టేస్తుంది. పైగా దసరాకు ముందు షెడ్డులోని ప్రతి యంత్రానికీ రంగు వేసి బొట్టు పెట్టడం మా వాళ్ల ఆనవాయితీ. నేను పూజలో నిలబడేదాన్ని కాదు గానీ, వాళ్లు రంగులు వేస్తుంటే బ్రష్షులు కడిగి ఇచ్చేదాన్ని. యాదన్న ఏటా ఆ మోటారుకు ప్రేమగా వెండి రంగు వేసేవాడు. ఆ పొరల కింద బోల్టు తల కూడా మునిగిపోయింది.

“పెండ్లిపిల్ల లెక్క ముస్తాబు చేసిన మేడమ్ దీన్ని. లోపల గిట్ల ఉన్నదా?” అన్నాడు, మొహం చిన్నబుచ్చుకొని.

“పెండ్లిపిల్ల మొండికేసింది అంకుల్,” అంది స్వరూప.

“మొండిదాని సంగతి నాకిడ్సిపెట్టు బిడ్డా,” అంటూ ఆయన స్పానరుకు పొడవాటి పైపు తొడిగాడు. నేను పైపు మీద చెయ్యి వేశాను.

“వద్దన్నా. తల తెగితే?”

“తెగది మేడమ్.”

“తెగితే?”

తల తెగితే మొండెం లోపలే ఉండిపోతుంది. డ్రిల్లు పెడితే గట్టి ఉక్కు వదిలి మెత్తటి అల్యూమినియంలోకి జారుతుంది. అంత పాత మోటారుకు ఆ పెట్టె మళ్లీ దొరకదు.

అప్పుడు స్వరూప మెల్లగా చెప్పింది: “ఒక్క పెద్ద వాన పడితే చెరువుల కొత్త నీళ్లు కలుస్తయి మేడమ్. ఎండాకాలం నమూనాలు ఇంక దొరకయి. తెడ్లతోని అంత దూరం పోలేం. ఫెలోషిప్ ఈ ఎండాకాలంతోనే అయిపోతది. మా అమ్మ హాస్టల్ మెస్సుల రొట్టెలు చేస్తది. ఇంకో ఏడాది అని ఆమెకు నేను చెప్పలేను.”

ఆమెకు తొందర ఉన్నందుకే మేము తొందరపడకూడదని చెప్పాను. ఆ రోజు రంగు గీకి, తీగ బ్రష్షుతో తల శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె పోసి, చిన్న సుత్తెతో నిటారుగా తట్టి వదిలేశాం. సాయంత్రం లాలాపేట్ వైపు మబ్బు పట్టింది. స్వరూప షెడ్డు గుమ్మంలోనే నిలబడి చాలాసేపు ఆకాశం చూసింది. చినుకు పడలేదు.

మర్నాడు పెట్రోలు ట్యాంకును, గొట్టాన్ని షెడ్డు బయట పెట్టించి, గేరు నూనె వంపేసి, గ్యాసు టార్చితో మంట పెట్టాం. వేడి చేయాల్సింది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న పెట్టెను. అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ ఉబ్బుతుంది, పట్టు సడలుతుంది. మంటను ఒకచోట నిలపకుండా తిప్పుతూ, నీటి చుక్క వేస్తే చుయ్యిమనే దాకా కాచాం. మంట ఆపి కొవ్వొత్తి తగిలిస్తే మైనం కరిగి నూనెలా బోల్టు మరల్లోకి దిగింది. స్పానరు పెట్టే ముందు నేను కళ్లు మూసుకొని ప్రార్థించాను. యాదన్న ఓపిగ్గా ఆగాడు.

“మీ దేవునికి మోటారు పని వస్తదా మేడమ్?”

“వడ్రంగి పని చేసినాయన యాదన్నా.”

“గది కట్టె పని. గిది ఫిట్టరు పని!”

“అందుకే నిన్ను పెట్టుకున్నడు. ముందు బిగించు.”

“విప్పుమంటరా, బిగించుమంటరా?”

“గోరంత బిగించు. అటు కదిలితే ఇటూ కదుల్తది.”

పైపు తొడగకుండా, వట్టి స్పానరుతో బిగించాడు. కిర్రుమంది. తెల్లటి పొడి రాలింది. తరువాత గోరంత వదులు, మళ్లీ గోరంత బిగింపు, నూనె, మళ్లీ వేడి. భోజనాల వేళకు బోల్టు తల తెగకుండా చేతికి వచ్చింది. యాదన్న దాన్ని గుడ్డలో పట్టుకొని స్వరూపకు చూపించాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

“ఏడుస్తవేంది బిడ్డా, ఇంకా పంపు ఉండనే ఉన్నది!” అన్నాడు.

రాణిగంజ్ విడిభాగాల బజారు నుంచి కొత్త రబ్బరు చక్రం తెచ్చి వేశాం. అన్ని బోల్టుల మరలకూ గ్రీజు పూసి బిగించాం. డ్రమ్ములో ఇంజను అందుకోగానే ధార ఎగజిమ్మి యాదన్న చొక్కా తడిపింది. స్వరూప దాని కింద దోసిలి పట్టింది. ఆ వారమే ఆమె అవతలి కట్ట దాకా వెళ్లి నమూనాలు తెచ్చుకుంది. తరువాత వానలు మొదలయ్యాయి. ఇప్పుడు ఆమె ఒక కళాశాలలో పాఠం చెబుతోంది.

ఆ పని నాకు నేర్పింది ఇది: పట్టేసిన బోల్టు మీద బలం ఆఖరున వాడాలి. ముందు శుభ్రం, తరువాత నూనె, తరువాత చుట్టూ వేడి, ఆ పైన కాస్త బిగింపు. ఆ వరుస తప్పితే బలమున్నవాడే బోల్టును తెంచుతాడు. ఎవరికి తొందర ఉందో వారి కోసమే నిదానంగా చేయాలి.

చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఈ రోజు నీళ్ల మీదకు వెళ్లిన ప్రతి పడవనూ ఒడ్డుకు చేర్చు. షెడ్డుల్లో పనిచేస్తున్న చేతులకు ఓర్పునివ్వు, కళ్లను కాపాడు. ఆమెన్.