గిటారు మెడ మీద పిండి చుక్కలు

మొన్న మా కోడలు గిటారు మెడకి రంగురంగుల చిన్న స్టిక్కర్లు అంటించుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. వేళ్లు ఎక్కడ నొక్కాలో గుర్తుండడానికట, దుకాణంలోనే అమ్ముతారట. ఆ గిటారు పోయిన మా ఆయనది. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ కోడలే. కుళ్లు అన్న చోట కుళ్లు అనే రాయమన్నాను.

మా ఆయన స్టీల్ ప్లాంటులో చేసేవారు. కూర్మన్నపాలెంలో చిన్న వాటా, మేమిద్దరం, పదో తరగతి చదివిన మా ఆడపడుచు. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాక, నేను పెరట్లో చేపలు తోముకుంటుంటే, ఆయన చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం మీద అంకెలు వేసి ఐదే ఐదు స్వరాలు నేర్పేవారు. ఆ ఐదింటినీ ఇప్పుడు పెంటటోనిక్ అంటారట. స్వరాలు అవే, బయల్దేరి తిరిగి వచ్చి వాలే చోటు మారిస్తే చాలు, పెళ్లి సందడిలా ఉన్నది కాస్తా అప్పగింతల్లా అయిపోయేది.

అంకెలు నాకు రావు గాని, చుక్కలు చూస్తే ఎంత పెద్ద ముగ్గయినా మనసులో పడిపోతుంది. ఒకనాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ పిల్ల వేళ్లు ఎక్కడెక్కడ తిరిగేవో తలుచుకుని, తడి బియ్యప్పిండితో గిటారు మెడ మీద ఐదు చుక్కలు పెట్టాను. మొదటి చుక్క నుంచి బయల్దేరితే సందడి వచ్చింది. చివరి చుక్క నుంచి బయల్దేరి అక్కడికే వస్తే అప్పగింతలు వచ్చాయి, నా చేతుల్లోంచే. అంతలో కుళాయి నీళ్లు వచ్చాయని కేకలు వినబడి, బిందె పట్టుకుని పరుగెత్తాను, చుక్కలు తుడవడం మరిచిపోయి.

తిరిగొచ్చేసరికి అన్నాచెల్లెళ్లిద్దరూ గిటారు ముందున్నారు.

"ఏటే, దీనికి ముగ్గెట్టినావేటి?" అన్నారాయన.

"మా ఒదినకి గుమ్మానికీ గిటారుకీ తేడా తెల్దన్నియ్యా," అని ఆ పిల్ల విరగబడి నవ్వింది.

ఆయన నవ్వలేదు. నా మొహం చూసి, "నేర్సుకుంతావా?" అని నెమ్మదిగా అడిగారు.

"నాకెందుకు, మీ సెల్లికే నేర్పుకోండి," అనేశాను. ఆయన తువ్వాలుతో ఆ చుక్కలు తుడిచేశారు. మళ్లీ అడుగుతారని ఎన్నేళ్లు చూశానో. ఆడపడుచు పెళ్లయ్యాక గిటారు అటకెక్కింది. ఆయన అడగలేదు, నేను దింపమనలేదు.

ఇప్పుడు దాన్ని దింపుకుని, ఫోనులో పాఠం ముందు పెట్టుకుని కోడలు వంద తప్పులు చేసినా ఫోను నవ్వదు, మా అబ్బాయి పక్కన కూర్చుని బాగుందంటాడు. నాకు కుళ్లు కోడలి పాట మీద కాదు, ఆ తప్పులు చేసే ధీమా మీద.

ఇంతవరకు రాసి కోడలు కలం ఆపింది. "నేర్సుకుంతావా అత్తా?" అంది.

నాకెందుకే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, ముందు ఆ స్టిక్కర్లు పీకెయ్యమన్నాను. చుక్కలు ఎక్కడుండాలో నాకు తెలుసు. అప్పుడు తుడిచిన ఆయనే లేరు.