హిందూపురం చేర్చాల్సిన సంచి

మా లెక్కల సారు పోయారన్న కబురు నాకు రైల్లో, పెనుకొండ దాటాక తెలిసింది. అప్పుడు నా ఒళ్లో ఆసుపత్రి వాళ్లిచ్చిన ఐసు సంచి ఉంది. అందులో సారు అడిగిన డబ్బా, డబ్బాలో నా మలం. అంతటి మనిషి పోయారని వినగానే నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, జరిగింది అదే.

ఇంటర్‌లో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. పెళ్లయి ధర్మవరం వచ్చి, మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేస్తూ నేస్తూ నేను లావయ్యాను. "నువ్వు నేసే చీర నీకే చాలదు గదక్కా" అని పక్క మగ్గం వాళ్లంటే నేనూ నవ్వేదాన్ని. అందరూ తిని లేచాక వంటింట్లో ఒక్కదాన్నే తినేదాన్ని.

ఒళ్లు తగ్గే దారి అడుగుదామని హిందూపురంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, పక్క గదిలో కంప్యూటర్ ముందు సారు కనబడ్డారు. రిటైరయ్యాక ఆమెకు సాయం చేస్తున్నారట. కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"యాడ దాక్కుంటాండావమ్మా, మొదటి బెంచీలో కూచుండేదానివి గదా" అన్నారు.

కడుపులోని సూక్ష్మజీవుల్లో ఏది దేన్ని తింటుందో, ఒకటి వదిలింది ఇంకొకటి ఎలా తింటుందో సమీకరణాలుగా రాస్తారట. ఏ తిండికి ఏవి పెరుగుతాయో కంప్యూటర్‌లో ముందే అంచనా వేసి, ఎవరికి ఏ తిండి పెట్టి చూడాలో డాక్టరమ్మ తేలుస్తుందట. కడుపులో ఏవేవి ఉన్నాయో మలం పరీక్షిస్తే తెలుస్తుందట, అందుకే ఆ డబ్బా. "తగ్గిపోతావని మాటియ్యను. గుడ్డిగా పస్తులుండేదానికన్నా మేలు" అంటూ మజ్జిగ గ్లాసు నా వైపు జరిపి, తనూ తాగేవారు. ఆయన ఎదుట తాగడానికి నాకు ఇబ్బందిగా ఉండేది కాదు.

మొదటిసారి డబ్బా ఇచ్చే ముందు వారమంతా ఆకుకూరా కొర్రన్నమే తిని, ఎప్పుడూ తినేది అదేనని చెప్పాను. సంచి మీద నా పేరున్న వైపు పొట్టకు తిప్పుకుని, పైన చీర కప్పి తీసుకెళ్లాను. కొన్నాళ్లకు సారు ఫోన్ చేశారు. "నువ్వు చెప్పిన తిండికీ ఈ డబ్బాకూ పొత్తు కుదర్లేదమ్మా."

నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు.

"చుట్టాలొస్తారని ఇల్లు అలికినట్టు కడుపు అలికినావు. నేనేమన్నా చుట్టాన్నా? ఉండేది ఉన్నట్టు తీసుకురా. సిగ్గు కలిస్తే లెక్క తప్పుతాది."

సరేనన్నాను. తర్వాత ఈ నెలా, వచ్చే నెలా అంటూ జరిపాను. ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలిసీ జరిపాను. నా ఒళ్లు చూసుకుని ఎన్నడూ పడనంత సిగ్గు దానికి పడుతున్నాను.

చివరికి ఉన్నది ఉన్నట్టే డబ్బాలో తెచ్చిన రోజుకు ఆయన లేరు. రైలు దిగి నేరుగా ఆయన ఇంటికే వెళ్లాను. సంచి దారిలో పారేయడానికి చేతులు రాలేదు, దాన్ని పట్టుకుని శవం ముందుకు పోవడానికి కాళ్లు రాలేదు. గేటు దగ్గరే నిలబడిపోతే సారు భార్య లేచి వచ్చింది.

"తెచ్చినావా? ఆయన నిన్న గూడా అడిగినాడమ్మా, ఆ పాప వచ్చిందా అని."

ఆమే సంచి అందుకుని, సారు తల దగ్గర కూర్చున్న డాక్టరమ్మకు ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. నా పేరు బయటికే ఉంది. పూలదండలు వేయడానికి వంగినవాళ్లంతా దాన్ని చదువుతున్నారు. నా చెంపలు మండుతున్నాయి. తిప్పి పెట్టమని మాత్రం అడగలేదు.