ఐసు మెర్వ్ దాచిన నాలుగు రోజులు

ఆస్ట్రేలియాలోని మూలూలబా రేవులో మెర్విన్ హాస్కిన్ ఇల్లెక్కడ అని అడిగితే జనం బుర్ర గోక్కుంటారు. ఐసు మెర్వ్ అని అడగండి, చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళతారు. ముప్పై ఎనిమిదేళ్ళు జెట్టీ మీది ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడాయన. వేటకు పోయే ప్రతి పడవా ముందు ఆయన దగ్గరకొచ్చి ఆగాల్సిందే. లావుపాటి గొట్టం దించి పడవ కడుపులోకి టన్నులకొద్దీ ఐసు ఊదేవాడు. ఊదేముందు గ్లవ్ తీసి, పిడికెడు చేతిలోకి తీసుకుని నలిపి చూసుకునేవాడు. నచ్చకపోతే పడవ యజమాని నెత్తీనోరూ కొట్టుకున్నా ఇచ్చేవాడు కాదు. "చచ్చిన చేపకి మనం చేసే మర్యాద ఇదొక్కటే, అదైనా సరిగ్గా చేద్దాం," అనేవాడు.

అలాంటి మనిషికి డెబ్భై నాలుగో ఏట డబ్బిచ్చి ఐసు చూపిస్తామంటే ఒళ్ళు మండదా మరి?

ఓడ బ్రిస్బేన్‌లో బయలుదేరి రెండు రోజులైంది. తెల్లారితే నూమియా రేవు. పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయని నోరీన్ మొగుడికి మాటైనా చెప్పకుండా టికెట్లు కొనేసింది. ఆ ఓడలో అన్నీ ఉన్నాయి. ఈతకొలనులు, జూదశాల, నాటకశాల, చివరికి ఐసు బార్ కూడా. గోడలు ఐసు, బల్లలు ఐసు, తాగే గ్లాసులూ ఐసే. బయట ఎండకి డెక్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేని జనం, లోపలికెళ్ళి కోట్లు తొడుక్కుని వణికి, ఆ వణుకుని ఫోటోలు తీసుకుని వస్తున్నారు.

"మూడింటికి ఐసు బార్‌కి మనిద్దరి పేర్లూ రాయించాను," అంది నోరీన్, పొద్దున టిఫిన్ దగ్గర.

రొట్టె మీద వెజిమైట్ రాసుకుంటున్న మెర్విన్ చెయ్యి ఆగిపోయింది. "నాకా? ఐసా?"

"నీకే."

"ఈ వయసులో నాకు ఐసు చూపిస్తావా. నువ్వెళ్ళిరా. నేను డెక్ మీద కూర్చుని పేపరు చదువుకుంటా."

"నేనొక్కదాన్నే వెళ్ళేదైతే ఒక్క పేరే రాయించేదాన్ని. యాభై ఏళ్ళలో నిన్నేమడిగాను మెర్వ్?"

"లెక్క చెప్పమంటావా?"

"నోర్మూసుకుని మూడింటికి రా."

మెర్విన్ నవ్వాడు గానీ ఆ రొట్టె మళ్ళీ ముట్టుకోలేదు. ఐసంటే చిన్నచూపుండి కాదు ఆయన వద్దన్నది. ఓడ ఎక్కినప్పటినుంచీ గోడ మీది పటంలో దారి చూసుకుంటూనే ఉన్నాడు. పగడాల సముద్రం దాటుతున్నారు. పద్దెనిమిదేళ్ళ క్రితం వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు గ్లెన్ పోయింది ఈ నీళ్ళ మీదే. ఆ నీళ్ళ మీద, నోరీన్ పక్కన, ఐసు మధ్యలో కూర్చోవడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. ఎందుకంటే పెళ్ళాం దగ్గర ఆయన దాచిన సంగతి ఒక్కటే ఒక్కటి ఉంది, అదీ ఐసులోనే ఉంది.

గ్లెన్‌కి అప్పుడు ఇరవైమూడేళ్ళు. ట్యూనా చేపల పడవ మీద పని. సరంగు పేరు డగ్. ఆ పడవలో ఒక పట్టింపు ఉండేది. వేటకి బయలుదేరే పొద్దున అందరూ నున్నగా గడ్డం గీసుకునేవాళ్ళు. మళ్ళీ జెట్టీకి తాడు కట్టేదాకా కత్తి ముట్టేవాళ్ళు కాదు. నడిసముద్రంలో గడ్డం గీస్తే వల ఖాళీయో, గాలి తిరుగుడో, ఏదో ఒకటి జరుగుతుందని నమ్మకం. నోరీన్‌కి అదొక ఆట. పడవ రాగానే కొడుకు చెంప మీద వేళ్ళ వెనకవైపు రాసి, "తొమ్మిది రోజులు," అనేది. "పన్నెండు, ఒక పూట తక్కువ," అనేది. ఎప్పుడూ తప్పేది కాదు. డగ్ తన గడ్డం కూడా చూడమని చెంప చూపిస్తే, "పోవయ్యా, నీది చీపురు," అని నెట్టేసేది.

ఆ ఆఖరి వేటలో ఏడో రోజు పొద్దున, వల లాగే ఇనుప తీగ బిగుసుకుని తెగి గ్లెన్ ఛాతీకి కొట్టింది. అరగంట కూడా లేడు.

డగ్ ఫోన్ చేసింది ఇంటికి కాదు, ఐసు ఫ్యాక్టరీకి. సంగతి చెప్పి, అంత మనిషీ ఫోన్‌లో ఏడ్చేశాడు. "ఇంటికి నాలుగు రోజుల దారి మెర్వ్. ఎండ మండిపోతోంది. వాణ్ణి ఎలా తేవాలో నాకు తెలీడం లేదు."

మెర్విన్‌కి తెలుసు. ఐసు గదిలో కొడుకుని ఎలా పడుకోబెట్టాలో ఆ తండ్రి ఫోన్‌లో చెప్పాడు. ఆ పడవ కడుపులో ఉన్న ఐసు తన చేత్తో నలిపి చూసి, బాగుందని ఊదిన ఐసే.

సాయంత్రం నోరీన్‌కి చెప్పాలనే ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కొడుకు గదిలో స్టూలెక్కి కొత్త కర్టెన్లు కడుతోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూనిరాగం తీస్తోంది. "వచ్చావా, ఆ చివర పట్టుకో," అంది. పట్టుకున్నాడు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రేపు చెబుదామనుకున్నాడు. రేపు చెప్పడం ఇంకా కష్టమైంది. ఎల్లుండికి, నిన్నెందుకు చెప్పలేదో కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. పోలీసులు ఇంటికొస్తామంటే, ఇంట్లో నేనే చెప్పుకుంటానని ఆపాడు. నాలుగోనాడు పడవ కనిపించే ముందు వంటింట్లోకి వెళ్ళి, "గ్లెన్ నిన్న పొద్దున పోయాడు," అన్నాడు. డగ్ చేతా, మిగతా ఇద్దరి చేతా అదే మాట చెప్పించాడు. కాగితాలన్నీ తనే సంతకం చేసి పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాడు. మా రేవులో రహస్యం అంటే ఒక్కరికి తప్ప అందరికీ తెలిసిన సంగతి. అందరం నోరు కట్టేసుకున్నాం. సమాధి రాయి చెక్కేవాడు తారీకు అడిగాడు. నోరీనే, "తారీకు వద్దు, సంవత్సరం వేస్తే చాలు," అంది. గండం గడిచిందనుకున్నాడు పిచ్చివాడు.

మూడింటికి ఐసు బార్ తలుపు దగ్గర ఫిజీ అమ్మాయి లిటియా ఇద్దరికీ నీలం కోట్లు తొడిగింది. "నలభై నిమిషాలు తాతయ్యా. గ్లవ్స్ మాత్రం తియ్యకూడదు. లోపల సున్నాకి ఎనిమిది డిగ్రీలు తక్కువ," అంది.

లోపల పదిమంది ఉన్నారు. ఐసుతో చెక్కిన ఎలుగుబంటి మెడ మీద చేతులేసి ఫోటోలు దిగుతున్నారు. ఎర్రమొహం ఒకాయన మెర్విన్ వీపు చరిచి, "ఏం పెద్దాయనా, ఇంత ఐసు జన్మలో చూసుండవు కదూ?" అన్నాడు.

"చూళ్ళేదు బాబూ, పాపం," అంది నోరీన్.

మెర్విన్ గోడ మీద వేలు మడిచి కొట్టి చూశాడు. "తొందరపడి గడ్డకట్టించారు. లోపలంతా గాలే. ఇది నా దగ్గరైతే తిప్పి పంపేవాణ్ణి."

"ఇక్కడ చేపలు లేవులే. కూర్చో."

గొర్రెతోలు పరిచిన ఐసు బల్ల మీద, ఎవరూ లేని మూల కూర్చున్నారు. నోరీన్ కుడిచేతి గ్లవ్ తీసి అరచెయ్యి గోడకి ఆనించింది. తియ్యలేదు.

"గ్లవ్ వేసుకో నోరీన్. వేళ్ళు పోతాయి."

"పడవలో ఐసు గది ఇంత చల్లగా ఉంటుందా మెర్వ్?"

ఆయన చేతిలోని ఐసు గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "ఇప్పుడదెందుకు?"

"గ్లెన్ గడ్డం ఏడు రోజులది," అంది.

పక్కన ఎవరో పెద్దగా నవ్వారు. మెర్విన్ చేతిలో ఐసు గ్లాసు కోటు మీదకి ఒలుకుతోంది, చూసుకోలేదు.

"పడవ పదకొండు రోజులకి వచ్చింది. నువ్వేమో 'నిన్న పొద్దున పోయాడు' అన్నావు. పెట్టెలో పడుకోబెట్టాక వాడి చెంప మీద చెయ్యి పెట్టాను, ఎప్పుడూ పెట్టినట్టే. పది రోజుల గడ్డం నాకు తెలీదా? ఏడే ఉంది. ఏడు రోజుల గడ్డంతో ఆగిపోయాడు నా బిడ్డ."

ఆ రోజు కరిగిన ఐసు నీళ్ళెలా తోడాలో ఆలోచించాడు, పోలీసుల గురించి ఆలోచించాడు, కాగితాల గురించి ఆలోచించాడు. గడ్డం మాత్రం ఆయనకి తట్టలేదు. జెట్టీ మీద ఆ ఆట ఎన్నిసార్లు చూశాడో, అయినా తట్టలేదు.

"పద్దెనిమిదేళ్ళు," అన్నాడు చివరికి. "అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. ఒక ఏడాది చూశాను, రెండేళ్ళు చూశాను. తర్వాత్తర్వాత నువ్వు నోరు తెరిచినప్పుడల్లా, అమ్మో ఇప్పుడు చెప్పేస్తాడేమోనని భయమేసేది."

"రాయి మీద తారీకు వద్దన్నావు..."

"తప్పుడు తారీకు చెక్కించి, దాని ముందు పూలు పెట్టుకోమంటావా నన్ను?"

ఆయన తల దించుకున్నాడు. నోరీన్ గొంతు పెంచలేదు. "నాలుగు రోజులు మెర్వ్. ఆ నాలుగు రోజులూ నేను పాటలు పాడుకుంటూ తిరిగాను. వాడి దుప్పట్లు ఉతికి ఆరేశాను. పక్కింటావిడతో పగలబడి నవ్వాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. ఆ కర్టెన్ చివర పట్టుకున్నావు కూడా."

"నీకు ఇంకో నాలుగు రోజులు వాడు బతికుంటాడని."

"ఉన్నాడు, నాకు ఉన్నాడు. నీకు లేడుగా. పక్కన పడుకున్న దాన్ని, ఒక్కసారి లేపి ఏడవకూడదా? దాని మీదే నాకు కోపం. అది పోలేదు, పోతుందని కూడా అనుకోకు." ఆవిడ అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. అయినా గోడ మీంచి తియ్యలేదు. "నేనడిగింది చెప్పు. ఇంత చలా?"

మెర్విన్ పనిలో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఇంకోలా ఆయనకి చేతకాదు.

"ఇంత ఉండదు. ఐసు గది సున్నా దగ్గరే ఉంటుంది. కొంచెం కొంచెం కరుగుతూ ఉండాలి, అదే మంచి ఐసు. ఈ గదికంటే చాలా నయం."

"ఇంతకంటే నయమా?"

"చాలా నయం."

"నేను ఇంతకంటే ఘోరంగా ఉంటుందనుకున్నాను," అంది నోరీన్. "ఇన్నేళ్ళూ అట్లాగే అనుకున్నాను." చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎలా పడుకోబెట్టారు? చెప్పు. అంతా చెప్పు."

"కింద అడుగు మందం ఐసు పరవమన్నాను. దాని మీద టార్పాలిన్, దాని మీద వాడి పరుపు. తడి తగలకుండా. పక్కలకి మాత్రం ఐసు కట్టమన్నాను, మీద పోయొద్దన్నాను. పొద్దునా సాయంత్రం కరిగిన నీళ్ళు తోడమన్నాను. చేపల్ని అటువైపు పెట్టి మధ్యలో పలకలు కొట్టమన్నాను. డగ్ మిగిలిన చేపలన్నీ సముద్రంలో పారేశాడట, నేను చెప్పకపోయినా."

"ఒక్కడే ఉన్నాడా?"

"లేదు. మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చున్నారట, వంతులేసుకుని. నాలుగు రోజులూ."

లిటియా వచ్చి టైమయిందని చెయ్యి ఊపింది. ఎలుగుబంటి దగ్గర జనం బయటికి కదిలారు. నోరీన్ లేవలేదు.

"మొహం?" అంది. "మొహం కూడా కప్పేశారా?"

"మొహం మీద ఏమీ వెయ్యొద్దని గట్టిగా చెప్పాను."

నోరీన్ కళ్ళు మూసుకుని తలాడించింది. "దుప్పటి మొహం మీదకొస్తే వాడికి నిద్ర పట్టేది కాదు. పసితనం నుంచీ అంతే."

"తెలుసు," అన్నాడు మెర్విన్. "అందుకే చెప్పాను." అప్పుడు ఏడ్చాడు. కొడుకు పోయినప్పుడు, మట్టి ఇచ్చినప్పుడు కూడా ఎవరూ చూడని ఏడుపు అది. కోటు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నోరీన్ ఆపలేదు, ఓదార్చలేదు, పక్కన కూర్చుంది. లిటియా ఇంకో రెండు నిమిషాలు తలుపు దగ్గరే నిలబడి, బయటివాళ్ళని లోపలికి రానివ్వలేదు.

బయటికొచ్చి కోట్లు ఇచ్చేసి డెక్ మీదకి వెళ్ళారు. ఎండ కళ్ళలో పొడిచింది. సముద్రం కదలకుండా ఉంది. కమ్మీ పట్టుకుని ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. ఇదే చోటా అని ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మెర్విన్ జన్మలో ఎప్పుడూ వేటకి పోలేదు. ఆయన ఎక్కిన మొదటి ఓడ ఇదే. అయినా బయలుదేరిన పొద్దున నున్నగా గడ్డం గీసుకుని, తర్వాత కత్తి పెట్టె అడుగున దాచేశాడు. నోరీన్ అది చూసింది.

ఇప్పుడు ఇంకా చల్లగా ఉన్న చెయ్యెత్తి, వేళ్ళ వెనకవైపు ఆయన చెంప మీద రాసింది. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అలా ఎవరి చెంపా ముట్టుకోలేదు.

"రెండు రోజులు," అంది. "ఇంటికి చేరేదాకా గీసుకోకు."