తవిటమ్మ ఆకలి

ఒక్క మాట. అది నోట్లోంచి రావడానికి క్షణం పట్టలేదు. మోయడం మాత్రం ఇన్నేళ్ళయినా తీరలేదు. ఆ మాట ఎవరి కొంపా కూల్చలేదు, ఎవరి ఆస్తీ ముంచలేదు. ఒక కుందేలు గురించి చెప్పిన అబద్ధం. వింటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. నా పేరు చెప్పను. బందరులో మా వీధివాళ్ళు నన్ను సిస్టరమ్మ అంటారు, మీకూ అది చాలు.

గుడివాడలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. మా పక్కింటి బాషా గారిది రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగు పెట్టే పని. ఆయన భార్య జరీనాకు కుందేళ్ళంటే ప్రాణం. మొదట తెచ్చుకున్న రెండు పిల్లలూ నిలవలేదు. మూడోదాన్ని తెచ్చినప్పుడు నేను వేళాకోళానికి, దీన్ని తవుడికి అమ్మేసి తవిటమ్మ అని పిలువు, బిడ్డలు దక్కకపోతే మా పెద్దవాళ్ళు అలాగే చేసేవాళ్ళు అన్నాను. దాని ఒళ్ళు కూడా తవుడు రంగే. పేరు అతుక్కుపోయింది. తవిటమ్మ దక్కింది, జరీనా దక్కలేదు. ఆమె చివరి రోజుల్లో మందులిచ్చిందీ పక్క మార్చిందీ నేనే. ఆ తర్వాత బాషా గారికి ఇంట్లో మాట్లాడటానికి తవిటమ్మ ఒక్కతే మిగిలింది. పని నుంచి వచ్చి గడప మీద కూర్చుని, దాని చెవులు నిమురుతూ ఆ రోజు సంగతులన్నీ చెప్పేవారు. గోడకు ఇవతల నేనూ వినేదాన్ని.

తవిటమ్మకు పుట్టుకతోనే దవడ కుదరలేదు. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. పైవీ కిందివీ ఒరుసుకుంటేనే అరుగుతాయి. దీనివి ఒరుసుకునేవి కావు. కిందివి మూతి దాటి బయటికి వచ్చేవి, పైవి లోపలికి వంకర తిరిగేవి. అస్తమానం పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి కత్తిరించుకు రావాలి. డాక్టరమ్మ చిన్నపిల్ల, కొత్తగా క్లినిక్ పెట్టుకుంది. ఇలా ఎన్నాళ్ళు బాధపెడతాం, ముందు పళ్ళన్నీ తీసేద్దాం అంది చివరికి. మరి తినడం ఎలాగని బాషా గారి బెంగ. పెదాలతో అందుకుంటుందండీ, నమలడానికి వెనక పళ్ళున్నాయి, మనం సన్నగా తరిగి పెడితే చాలు అందామె. ఆయన నా ముఖం చూశారు. నేను తలూపాకే సరేనన్నారు.

ఆమె మాకిద్దరికీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆపరేషన్‌కు ముందు మనుషుల్ని ఉంచినట్టు దీన్ని పస్తుంచకూడదు. కుందేలుకు వాంతి రాదు. కడుపు ఖాళీ అయితే పేగులు ఆగిపోతాయి, ప్రమాదమంతా అక్కడే. బల్ల ఎక్కేదాకా మేత తింటూనే ఉండాలి.

నేను విన్నాను. నమ్మలేదు.

ఎందుకు నమ్మలేదని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. థియేటర్‌లో నా ఉద్యోగమంతా ఒకే మాట మీద నడిచింది: రేపు ఆపరేషన్, నీళ్ళు కూడా ముట్టొద్దు. ఒకసారి ఒకాయనకు ఇంట్లోవాళ్ళు జాలిపడి దొంగచాటుగా ఇడ్లీ పెట్టారు. బల్ల మీద మత్తులో వాంతి చేసుకుని, అది ఊపిరితిత్తుల్లోకి పోయి, చావు అంచుదాకా వెళ్ళాడు. ఆయన నీలం ముఖం నేను మర్చిపోలేదు. అది చూసినదాన్ని, నిన్నగాక మొన్న చదువు ముగించుకొచ్చిన పిల్ల చెబితే పద్ధతి మార్చుకుంటానా? ఇదంతా నిజమే. కానీ దీని అడుగున ఇంకొకటి ఉంది. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. బాషా గారు అడిగారు. ఆయన ముందు ఆ పిల్ల కంటే నాకు తక్కువ తెలుసని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

ఆపరేషన్‌కు ముందురోజు కోడూరులో ఆయన అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. మీరున్నారుగా సిస్టర్ గారూ అని, తవిటమ్మను బుట్టతో సహా నాకప్పగించి బస్సెక్కారు. పొద్దున తిన్నగా క్లినిక్‌కే వస్తానన్నారు. దానికోసం కోసి కడిగిన గరిక, తరిగిన తోటకూర తడిగుడ్డలో చుట్టి ఇచ్చారు. ఆయన సందు తిరగ్గానే ఆ మేత తీసుకెళ్ళి ఎదురింటి మేకకు వేశాను.

తవిటమ్మ బుట్ట గీరింది. లోపల చెయ్యి పెడితే నా వేళ్ళకు అంటిన గరిక వాసన చూసి నాకింది. ఓర్చుకో తల్లీ, నీ మంచికేగా అన్నాను. ప్రేమగానే అన్నాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. దాని మీద కోపంతో మాడ్చి ఉంటే నన్ను నేను అసహ్యించుకుని ఊరుకునేదాన్ని. ఒళ్ళో పెట్టుకుని, వీపు నిమురుతూ మాడ్చాను.

పొద్దున క్లినిక్‌లో బాషా గారు బుట్టలో మేత మిగల్లేదని చూసి సంతోషపడ్డారు. డాక్టరమ్మ గ్లవ్స్ వేసుకుంటూ అడిగింది.

"మేత తిందా ఆంటీ?"

"తిందమ్మా."

"బాగా తిందా?"

"బాగానే తింది."

తినలేదంటే ఏమయ్యేది? కాస్త గడ్డి పెట్టించి, మధ్యాహ్నం చేసేది. మహా అయితే నన్ను ఒక మాట అనేది. అంతకంటే ఏమీ పోయేది కాదు. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇంత తెలిసినదాన్ని ఒక మంచి పనికి చిన్న అబద్ధమాడుతున్నాననే అనుకున్నాను.

పళ్ళన్నీ శుభ్రంగా వచ్చాయి. పై పళ్ళ చాటున దాక్కుని ఉండే చిన్న పళ్ళను కూడా వేర్లతో సహా తీసి చూపించింది. ఎంత నేర్పున్న చెయ్యో నాకు తెలియదా, అలాంటి చేతులు ఎన్ని చూశాను. కానీ తవిటమ్మ మత్తు నుంచి లేచి మేత వంక చూడలేదు. మర్నాటికి కూడా ఒక్క పెంటిక వెయ్యలేదు. కడుపు బిగిసిపోయింది, చెవులు చల్లబడ్డాయి. మూలకు తిరిగి, పళ్ళు కొరుక్కోవడానికి ముందు పళ్ళు కూడా లేక, ఊరికే దవడ కదిలిస్తూ కూర్చుంది. మళ్ళీ తీసుకెళ్తే డాక్టరమ్మ ఇంజెక్షన్లు చేసి, కడుపు మర్దన చేస్తూ తన పనులన్నీ ఆపుకుని కూర్చుంది. మధ్యలో తలెత్తి, తినే వచ్చింది కదా ఆంటీ అని మళ్ళీ అడిగింది. ఆ పిల్ల కళ్ళలో భయం చూశాను. అయినా తలూపాను. మొదటిది పొగరు. రెండోది పిరికితనం. రెండోదే పెద్ద పాపం అనిపిస్తుంది నాకు.

ఆ తర్వాత నేను చేసిన సేవ చూస్తే మీరు మెచ్చుకుంటారు. డాక్టరమ్మ ఇచ్చిన పొడి నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో చెంప పక్క నుంచి చుక్కచుక్కగా పట్టాను. కారిపోయింది తుడిచి మళ్ళీ పట్టాను. కడుపు నిమిరాను. తువ్వాల్లో చుట్టి గుండెకు ఆనించుకుని ఇల్లంతా తిప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసింది. చివరికి ఒకనాడు గుడ్డ మీద మిరియాలంత పెంటికలు పడ్డాయి. బాషా గారు వాటిని అరచేతిలో పెట్టుకుని చూస్తూ పసిపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆయన సంతోషంతో ఏడుస్తున్నారు. నేను దేనికి ఏడ్చానో నాకు పూర్తిగా తెలియదు.

కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు అసలు దెబ్బ తగిలింది, నాకు కాదు. నలుగురూ కూర్చుని ఉండగా బాషా గారు, గొంతు పెంచకుండానే, "మత్తు ఎక్కువిచ్చారేమో చూసుకోండమ్మా. మా సిస్టర్ గారు లేకపోతే ఇది దక్కేది కాదు" అన్నారు. ఆ పిల్ల, "అయ్యుండొచ్చండి" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. బుట్ట పట్టుకుని, పొగడ్త పుచ్చుకుని, నిలబడ్డాను.

తవిటమ్మ హాయిగా బతికింది. తరిగిన తోటకూర పెదాలతో ఒక్కో ముక్కా ఏరుకుని, గడ్డం తడుపుకుంటూ తినేది. ముసలిదై, బాషా గారి ఒళ్ళోనే కన్నుమూసింది. మీ చేతి చలవేనండీ ఇన్నాళ్ళు బతికింది అని ఆయన ఇప్పటికీ అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని లోపలికి వెళ్తాను.

ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకు చెబుతున్నాను? మొన్న మా వీధిలో ఒకావిడ వచ్చింది. వాళ్ళ పాప కుందేలుకు అదే జబ్బు. డాక్టరమ్మ చూసి, కుందేళ్ళకు నేను చెయ్యనండీ, ఒకసారి ఒకటి నా వల్ల చావబోయింది, విజయవాడ తీసుకెళ్ళండి అందట. ఇన్నేళ్ళ నుంచీ అందరికీ అదే చెబుతోందట. ఎన్ని మూగజీవాలు ఈ ఎండలో బస్సుల్లో విజయవాడ వెళ్ళి ఉంటాయి? అందులో ఎన్ని తిరిగొచ్చి ఉంటాయి? అంత మంచి చెయ్యిని నేను కట్టేసి కూర్చున్నాను.

ఆ సాయంత్రమే క్లినిక్‌కు వెళ్ళాను. జుట్టు అక్కడక్కడ నెరిసింది ఆమెకు. నేను గుర్తున్నాను. కూర్చోకుండానే చెప్పేశాను. ఆ రోజు అది తినలేదమ్మా, నేనే పెట్టలేదు, నీతో అబద్ధమాడాను అని. ఆమె బల్ల మీదున్న దూది సర్దింది. తర్వాత ఒక్కటే అడిగింది, ఎంతసేపు పస్తు ఉంది అని. ముందురోజు సాయంత్రం నుంచి అన్నాను. తలూపింది. అరవలేదు. అరిస్తే బాగుండును.

"ఆ పాపవాళ్ళని కుందేలుని తీసుకుని రేపు రమ్మనండి" అంది. నేను బయటికి రాబోతుంటే నా వైపు చూడకుండా అంది. "మీరు మాత్రం రావద్దండీ."

సరేనమ్మా అన్నాను. ఆమె క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. బాషా గారికి చెప్పడం ఇంకా మిగిలే ఉంది. ఆయనకు చెబితే గడప మీద నుంచి నాతో మాట్లాడే ఆ నాలుగు మాటలూ పోతాయేమో, పోనివ్వండి. తిననిదాన్ని తినలేదని ఒక మనిషికి చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను. చాలా ఏళ్ళ తర్వాత కొంచెం ఊపిరాడుతోంది.