సుబ్బారావు గారి గంజి కవర్లు

నల్లపాడులో నా అంత తెలివైన కిరాణా కొట్టువాడు లేడని నాలుగేళ్ల కిందట నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే, ఎదురుగా కర్రీ పాయింట్ నడిపే సుబ్బారావు గారు రోజూ కాలవలో పారబోసే గంజితో కవర్లు చేసి, వాటిని తిరిగి ఆయనకే అమ్మాలని నిర్ణయించాను. అప్పుడే నవ్వకండి, అసలు ఘోరం ముందుంది.

పల్చటి ప్లాస్టిక్ కవర్లు వాడొద్దని ఆయన్ను మున్సిపాలిటీ వాళ్లు హెచ్చరించి పోయారు. "కవరు లేకపోతే పప్పుచారు దోసిట్లో పోసి పంపనా?" అని ఒకటే బెంగ.

"నాకొదిలేయండి బాబాయ్ గారూ! ఆదివారం భోజనానికి రండి. శాంపిల్ చూపిస్తా, నచ్చితే ఆర్డరివ్వండి."

గంజిలో వెనిగర్, గ్లిజరిన్ కలిపి, ముద్దగా ఉడికించి, పల్చగా పరిచి ఎండబెడితే మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ వస్తుందని ఫోన్లో చూసిన ఒక వీడియోలో చెప్పారు. ఊహ తెలిశాక ఏ వస్తువూ చెప్పిన ధరకు కొనని వాణ్ణి, వీడియో చెప్పినట్టు వింటానా? వెనిగర్ ఎందుకు, కొట్లో వాడిపోయిన నిమ్మకాయలున్నాయిగా! గ్లిజరిన్ ఖరీదు విని దాన్ని పూర్తిగా ఎత్తేశాను. పాడవకుండా గుప్పెడు ఉప్పు. గుంటూరువాడు చేసిన కవరు ఎర్రగా లేకపోతే పరువేముంది? డబ్బా అడుగున మిగిలిన కారం కూడా దులిపాను. డాబా మీద పాత పంచె పరిచి, అరచేతంత శాంపిళ్లు ఆరబెట్టాను.

ఆదివారం మా ఆవిడ రాజ్యం వడ్డిస్తోంది.

"వడియాలు భేషుగ్గా ఉన్నాయమ్మాయ్, ఇంకో రెండు వెయ్యి," అన్నారు సుబ్బారావు గారు, కరకరా నములుతూ. "ఇహ ఆ కవరేదో చూపించవయ్యా!"

డాబా ఎక్కాను. పంచె ఒక్కటే ఉంది.

"ఏమేవ్, నా కవర్లేవీ?"

"కవర్లా?" రాజ్యం కింద నుంచే అరిచింది. "వడియాలుంటే తెచ్చి వేయించాను. గంజి, ఉప్పు, కారం, నిమ్మరసం... ఇందులో కవరెక్కడుందండీ?"

బేరమాడి, బేరమాడి ప్లాస్టిక్‌ను వడియం దాకా దింపానన్నమాట.

"అంటే నా గంజే నాకు పెట్టావా?" సుబ్బారావు గారు సగం కొరికిన ముక్క వంక చూసి, మిగతా సగమూ నోట్లో వేసుకున్నారు. "కవర్లొద్దు. గిన్నె తెచ్చుకోండని బోర్డు పెడతా. వడియాలు మాత్రం రోజూ పంపమ్మా. గంజి నాది కాబట్టి సగం ధరకే!"

"నిమ్మకాయలు మావి బాబాయ్ గారూ, ముప్పావుకి," అంది రాజ్యం. ఆర్డరు ఆవిడకే దక్కింది.

మిరపకాయ బస్తా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: గ్లిజరిన్ దగ్గర ఈ జన్మలో బేరమాడను.

ఇక నిజాయితీగా లెక్క. చేసిన కవర్లు పన్నెండు. పప్పుచారు మోసినవి సున్నా. సుబ్బారావు గారు తిన్నవి ఏడు, రాజ్యం ఒకటి. మిగతా నాలుగూ నేనే తిన్నాను. మొదటిది కొరకగానే "ఉప్పు ఎక్కువేశావేమే!" అని రాజ్యాన్ని కసిరింది కూడా నేనే.