నాయన ఇచ్చిన కిడ్నీ

రాష్ట్రం విడిపోయిన ఏడాది నాయన నాకు తన కిడ్నీ ఇచ్చాడు. అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు. నాయనది మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పని. ఆపరేషన్ తరువాత బరువులు ఎత్తలేక పలకలకు చట్రాలు బిగించే పనికి మారాడు. దాని గురించి ఒక్క మాట అనలేదు.

బిడ్డ కావాలనుకుంటే రెండేళ్లు ఆగాలని, ముందు మాత్రలు మార్చుకోవాలని నాకు కిడ్నీ మార్చిన హైదరాబాద్ డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. ఆపరేషన్ అయి ఏడాది దాటగానే నెల తప్పింది. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. భయం కన్నా సంతోషమే ఎక్కువగా ఉండింది. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడం కష్టం.

డాక్టరమ్మ నా మందుల చీటీ చూసి ఒక పేరు కింద గీత గీసింది. "వీటిలో ఒక మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదమ్మా. ఇప్పుడే మారుస్తాను. అయినా బిడ్డకూ నీ కిడ్నీకీ నేను భరోసా ఇవ్వలేను. తీయించుకోవడమే మేలు."

నా భర్త నా ఇష్టమన్నాడు. నాయన మాత్రం బస్‌స్టాండులో అన్నాడు: "నేనిచ్చింది నువ్వు బతకాలని తల్లీ. ఇంకోసారి ఆలోచించు."

"ఉంచుకుంటా నాయనా," అన్నాను.

వారం వారం రక్తపరీక్షలు. ఐదో నెల దాకా రిపోర్టులు బాగానే వచ్చాయి. ఆరో నెలలో బీపీ పెరిగింది, ముఖం ఉబ్బింది, గాజులు చేతికి బిగుసుకుపోయాయి. గుంటూరు తీసుకుపోయారు. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. అద్దాల పెట్టెలో ఐదు రోజులు బతికింది. అప్పటికే నన్ను డయాలసిస్ మీద పెట్టారు. చక్రాల కుర్చీలో తీసుకుపోతే ఒక్కసారి చూశాను. నాయన రోజూ పోయి చూసి వచ్చేవాడు.

కిడ్నీ మళ్లీ పనిచేయలేదు.

"నువ్విచ్చింది పోగొట్టినాను నాయనా," అన్నాను ఒకరోజు.

"నాదేంది, ఇచ్చినాక నీదే గదా," అన్నాడు. అని గోడవైపు తిరిగాడు. భుజాలు కదలడం చూసి నేను కళ్లు మూసుకున్నాను.

ఆ తరువాత వారానికి మూడుసార్లు ఒంగోలుకు, డయాలసిస్‌కు. బస్సులో నాయన నా పక్కనే కూర్చునేవాడు. పొదిలి దాటాక ఒకసారి అడిగాను, పాప కళ్లు ఎట్లా ఉండేవని.

"తెరవలేదమ్మా," అన్నాడు.